ఎర్ర సిరా గళ్ళు

వేలూరు డాక్టరు గారు యెహెజ్కేలుకి కొత్త కాలు అమర్చి, నడవడం నేర్పారు, మెట్లెక్కడం నేర్పారు, కదిలే బస్సు దిగకూడదని మరీమరీ చెప్పి పంపారు. గోదావరి జిల్లాలో జూలై నెల బురద మీద ఎలా నడవాలో మాత్రం చెప్పలేదు. పాపం, ఆ బురద ఆయన ఎక్కడ చూసి ఉంటారు!

అందుకని కట్టవారిపాలెం హైస్కూలు గేటు దాటి గ్రౌండులో అడుగుపెట్టిన యెహెజ్కేలు చూపంతా నేల మీదే ఉంది. ముందు చేతికర్ర, తరవాత చెక్కకాలు, ఆ తరవాత దేవుడిచ్చిన కాలు. ఇలా లెక్కగా నడుస్తుంటే ఎక్కణ్ణుంచో పసుపురంగు ఉన్నిబంతి ఒకటి దొర్లుకుంటూ వచ్చి చేతికర్రకి తగిలి ఆగింది.

"ఏవండోయ్! ఆ బంతి కాస్త ఇటు విసరండి!"

తలెత్తి చూశాడు. చీరకొంగు బొడ్లో దోపుకుని, మెళ్ళో విజిలు వేలాడేసుకుని ఓ అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. సన్నజల్లు జుట్టు మీద పడి మెరుస్తోంది. ఆ సంగతి యెహెజ్కేలు గమనించలేదని చెబితే అబద్ధమే అవుతుంది.

బంతి తీసి పిండాడు. నీళ్ళు కారాయి.

"వానలో బాల్ బ్యాడ్మింటన్ ఆడిస్తున్నారేంటండీ? ఉన్ని నీళ్ళు పీల్చిందంటే బంతి రాయైపోతుంది. బ్యాటు తీగలు తెగుతాయి."

"తీగలు మీవాండీ?"

"కావండి."

"మరి బయటివాళ్ళు గ్రౌండులో నిలబడి క్లాసు పీకకూడదండి. బంతి ఇలా ఇచ్చి అలా వెళ్ళండి."

"నేను బయటివాణ్ణి కాదండి. డ్రిల్లు మాస్టార్ని."

"ఏ స్కూలుకండీ?"

"ఈ స్కూలుకే."

ఆ అమ్మాయి ముఖంలో నవ్వు పోయింది. చూపు చేతికర్ర మీదకీ, అక్కణ్ణుంచి ఎడమ పంట్లాం కిందకీ వెళ్ళి గబుక్కున వెనక్కి వచ్చింది.

"మీరు... యెహెజ్కేలు గారా?"

అతనికి ఆశ్చర్యం వేసింది. ఆ పేరు మొదటిసారి పలికినవాళ్ళెవరూ దాన్ని ఒక ముక్కగా బయటికి తేలేదు. క్లర్కు జోగేశ్వరరావైతే నాలుగేళ్ళయినా 'కేలు మాస్టారు' దగ్గరే ఆగిపోయాడు. ఈ అమ్మాయి తడుముకోకుండా అనేసింది.

"అవునండి. మీరు?"

"సలోమి అండి. మీ సెలవు ఖాళీలో వేశారు."

ఇద్దరి మధ్యా సన్నజల్లు పడుతూనే ఉంది. ఏదో ఒకటి మాట్లాడాలి గనక యెహెజ్కేలు అన్నాడు. "ఆ విజిలు నాదండి."

"స్కూలుదండి. స్టాకు రిజిస్టర్లో ఉంది."

"దాని అంచు మీద పంటిగాటు ఉంటుంది చూడండి. అది మాత్రం స్టాకు రిజిస్టర్లో లేదు."

సలోమి విజిలు తిప్పి చూసింది. గాటు కనిపించింది. ఎనిమిది నెలలుగా తను ఎవరి విజిలు నోట్లో పెట్టుకుని ఊదుతోందో అప్పుడు తెలిసొచ్చి, చెవులదాకా ఎర్రబడి, కొంగుతో దాన్ని తెగ తుడిచింది.

అది 1979. యెహెజ్కేలుకి ఇరవై ఏడేళ్ళు. మండపేటకి మూడు మైళ్ళ దూరంలో ఉన్న ఆ స్కూలు ఎయిడెడ్ స్కూలు. జీతాలు గవర్నమెంటువి, పెత్తనం ఊరి కమిటీది. కిందటి నవంబరులో కాలవగట్టు మీద సైకిలు జారి, ధాన్యం ట్రాక్టరు చక్రం కింద పడేదాకా ఆ గ్రౌండులో అతనికంటే వేగంగా పరుగెత్తిన మనిషి లేడు. ఎడమకాలు మోకాలి కిందికి తీసేశారు. ఎనిమిది నెలలు ఆస్పత్రులతో గడిచాయి. ఇప్పుడు జేబులో 'ఉద్యోగానికి తగును' అని డాక్టరు రాసిచ్చిన కాగితం ఉంది. బస్సులో దాన్ని నాలుగుసార్లు తీసి చదువుకున్నాడు.

ఆఫీసు గదిలో ఆ కాగితాన్ని ఒక్కసారి కూడా ఎవరూ చదవలేదు.

కమిటీ తరఫున స్కూలు నడిపే కరెస్పాండెంటు గోపాలకృష్ణమూర్తి గారు మండపేటలో రైసుమిల్లు ఉన్న పెద్దమనిషి. చెడ్డవాడు కాదు. యెహెజ్కేలుని చూడగానే కుర్చీ తనే జరిపి, అటెండరు సత్తిబాబుని పంపి సోడా తెప్పించాడు.

"మాస్టారూ, మీరు బతికి బట్టకట్టారు, అదే పదివేలు. ఈ ఎండల్లో వానల్లో ఇంకా మీకెందుకండీ తిప్పలు? మా మిల్లు గేటు దగ్గర కుర్చీ వేయిస్తాను. వచ్చే లారీ, పోయే లారీ రాసుకోండి చాలు. హాయిగా కాలు మీద కాలు..." అని నాలుక కరుచుకున్నాడు.

"నాకు ఉద్యోగం ఉందండి," అన్నాడు యెహెజ్కేలు నెమ్మదిగా.

"ఉండేదండి. మీ సెలవు చీటీ ఫిబ్రవరితో అయిపోయింది. ఆ తరవాత మీ దగ్గర్నుంచి కాగితం లేదు. కాగితం లేదంటే మానేసినట్టేనని కమిటీవారి అభిప్రాయం."

"వేలూరు నుంచి పోస్టు చేశానండి."

"మాకు అందలేదండి," అన్నాడు జోగేశ్వరరావు, ఫ్యాను వంక చూస్తూ. ఆ ఉత్తరం ఏ పోస్టు సంచిలో ఏ ఊరు పోయిందో ఇవాళ్టిదాకా ఎవరికీ తెలీదు.

హెడ్మాస్టరు గారు పక్కనే కూర్చుని ఉన్నారు. కాగితం కనిపిస్తే సంతకం పెట్టేసే మెత్తని మనిషి ఆయన. అది దేని కాగితమో చూసే అలవాటు లేదు. ఆయన కూడా ఫ్యాను వంకే చూశారు.

చివరికి తేలిందేమిటంటే, నెలాఖరుకి విద్యాశాఖ నుంచి రమాదేవి గారు ఇన్‌స్పెక్షనుకి వస్తారు. డ్రిల్లు మాస్టారి పోస్టు ఖాళీ అయిందని కమిటీ రాసిస్తుంది. ఆవిడ సరేనంటే సలోమి టీచరు పర్మనెంటు అవుతుంది. యెహెజ్కేలు చెప్పుకోదలిస్తే ఆ రోజే చెప్పుకోవచ్చు.

సోడా తాగకుండానే లేచాడు. ఇంటికి వెళ్ళి తల్లి జ్ఞానమ్మకి సంగతి చెప్పాడు.

"మిల్లు గేటు దగ్గర కూర్చోడం తప్పని కాదురా," అందావిడ. "ఆయన మంచి మనసుతోనే అన్నాడు. కానీ నీది నీకివ్వకుండా ఇంకోటేదో ఇస్తానంటే ఎలా? నువ్వు చదివి, పాసై, తెచ్చుకున్న ఉద్యోగం అది. వెళ్ళి అడుగు. ఏడవకుండా అడుగు."

మర్నాడు సాయంత్రం ఆటల పీరియడు వేళకి యెహెజ్కేలు స్కూలు ప్రహరీ బయటున్న కల్వర్టు మీద కూర్చున్నాడు. ఊరి కల్వర్టు మీద కూర్చోవద్దని ఏ కమిటీ అనలేదు కదా! ఊరికే చూసి పోదామనుకున్నాడు. అయిదు నిమిషాలు ఓర్చుకున్నాడు. ఆరో నిమిషంలో అరిచాడు.

"ఒరేయ్ ఎడమ కోర్టూ! బంతి బ్యాటు అంచుకి తగుల్తోందిరా!"

సలోమి చరచరా ప్రహరీ దగ్గరికి వచ్చింది. "అంత దూరం నుంచి మీకెలా కనిపించిందండీ?"

"కనిపించలేదండి. వినిపించింది. తీగల మధ్యలో తగిలితే ఒక చప్పుడు, అంచుకి తగిలితే ఇంకో చప్పుడు."

"కోతలు కొయ్యకండి."

"పరీక్ష పెట్టుకోండి."

"అటు తిరగండి మరి!"

తిరిగి కూర్చున్నాడు. వెనక బ్యాటు చప్పుళ్ళు మొదలయ్యాయి. "మధ్య... మధ్య... అంచు... మధ్య..." అని చెప్పుకుపోతున్నాడు. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. అంతలో గాలిలో 'ఉస్సు'మని మాత్రం వినిపించింది.

"ఇది అసలు తగల్లేదు," అన్నాడు. "టీచరు గారు కొట్టినట్టున్నారు."

గ్రౌండంతా గొల్లుమంది. సలోమి బ్యాటు కింద పడేసి, నవ్వాపుకోలేక అటు తిరిగిపోయింది. యెహెజ్కేలు ఇటు తిరిగి ఉన్నాడు గనక ఆ నవ్వు చూడలేకపోయాడు. అందుకు ఆ రాత్రంతా విచారించాడు.

మర్నాటికి చింతచెట్టు నీడలో బల్ల ఒకటి వెలిసింది. సత్తిబాబు దాని మీద దుమ్ము దులుపుతున్నాడు.

"టీచరు గారు వెయ్యమన్నారండి, ఆయ్," అన్నాడు.

"బయట కూర్చుని అరుస్తుంటే దార్న పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారండి," అంది సలోమి సీరియస్‌గా. "లోపల కూర్చుని అరవండి."

అలా మొదలైంది. ఆవిడకి త్రోబాల్ బాగా వచ్చు, మాస్ డ్రిల్లు ఇంకా బాగా వచ్చు. బాల్ బ్యాడ్మింటన్ మాత్రం పుస్తకంలో చదివిందే. అతను బల్ల మీద కూర్చుని చెబుతాడు, ఆవిడ గ్రౌండులో చేయిస్తుంది. మధ్యమధ్య ఇద్దరూ పోట్లాడుకుంటారు. పిల్లలకి ఆట కంటే ఆ పోట్లాటే ఎక్కువ బాగుండేది.

ఒకరోజు ఉన్నట్టుండి ఆకాశం చిల్లుపడ్డట్టు వాన దంచేసింది. పిల్లలు క్లాసుల్లోకి పరుగెత్తారు. యెహెజ్కేలు పరుగెత్తలేడు. దగ్గర్లో ఉన్న సైకిళ్ళ పాకలోకి చేరేసరికి సలోమి కూడా అక్కడే ఉంది. తనకంటే ముందు క్లాసుకి చేరుకోగలిగిన మనిషి పాక దగ్గరే ఎందుకు ఆగిందో అతను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

"నొప్పి ఉంటుందాండీ ఇంకా?" అంది కాసేపటికి.

"నొప్పి తక్కువేనండి. లేని పాదం దురద పెడుతుంది. గోకుదామంటే అక్కడేం ఉండదు."

సలోమికి నవ్వొచ్చేసింది. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, తప్పండి. నవ్వకూడదు."

"నవ్వండి! ఎనిమిది నెలల్నుంచి నన్ను చూసి అందరూ ఏడ్చినవాళ్ళే. మొదటిసారి ఒకళ్ళు నవ్వారు." అతని గొంతులో నిజంగా సంతోషం ఉంది. "థాంక్సండి."

ఆవిడ తడిసిన కొంగు పిండుకుంది. తరవాత అతనే అడిగాడు. "నేను చేరితే మీరేం చేస్తారండి?"

"మీరు చేరకపోతే మీరేం చేస్తారు?"

సలోమి తండ్రి జ్ఞానప్రకాశం గారు పెద్దాపురంలో లూథరన్ సంఘానికి ఉపదేశిగా పనిచేసి మానుకున్నాడు. చూపు మందగించింది. కూతురి ఉద్యోగమే ఆ ఇంటికి ఆధారం. ఇదంతా వాన తగ్గేలోపల నాలుగు ముక్కల్లో చెప్పింది. జాలి పడాలని చెప్పలేదు, అడిగాడు గనక చెప్పింది. ఆ మాటతీరు చూసి యెహెజ్కేలుకి ఆవిడంటే ఇంకా గౌరవం పెరిగింది. నిజం చెప్పాలంటే దాన్ని గౌరవం అనరు. కానీ అప్పటికి అతను ఆ మాటతోనే సరిపెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్షను ఇంకో మూడు రోజులుందనగా టీ బడ్డీ దగ్గర జోగేశ్వరరావు కనిపించాడు.

"ఏమనుకోకండి మాస్టారూ. కొత్త మనిషి వచ్చినప్పుడు హాజరు రిజిస్టర్లో పాత పేరు మీద గీత కొట్టి, ఆ వరసలోనే కొత్త పేరు రాయడం మా పద్ధతండి. మీ విషయంలోనూ అలాగే చెయ్యమని చెప్పాను."

"ఎవరికి చెప్పారు?"

"సలోమి టీచరికేనండి. చేతిరాత ముత్యాల్లా ఉంటుందని రిజిస్టరు పని మొత్తం ఆవిడకే ఒప్పగించేశాను. అప్పట్నుంచీ నేను దాని మొహం చూడలేదు."

యెహెజ్కేలు చేతిలో టీ చల్లారిపోయింది. ఉద్యోగం పోవడం వేరు. తన పేరు మీద ఆవిడ చేత్తో గీత గీయడం వేరు. గ్రౌండుకి వెళ్ళేసరికి కడుపులో దాచుకోలేకపోయాడు.

"నా పేరు కొట్టేసి మీ పేరు రాసుకున్నారటగా? నాకు బల్ల వేసేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పాల్సింది."

సలోమి అతని వైపు తిరిగింది. "రిజిస్టరు చూశారా మీరు?"

"చూడక్కర్లేదు. చెప్పారు."

"ఎవరో చెబితే..." ఆవిడ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. కింద పడనివ్వలేదు. "చూడండి మాస్టారూ. చూశాక మాట్లాడండి. అందాకా నాతో మాట్లాడకండి."

విజిలు గట్టిగా ఊది పిల్లల వైపు వెళ్ళిపోయింది. ఆ మర్నాడు బల్ల ఉంది గానీ దాని మీద కూర్చునే మనిషి రాలేదు.

ఇన్‌స్పెక్షను రోజు రానే వచ్చింది. రమాదేవి గారు సన్నగా, కళ్ళజోడుతో, తక్కువ మాట్లాడే మనిషి. ఆఫీసు గదిలో కరెస్పాండెంటు గారు కాగితం చదివి వినిపించాడు. యెహెజ్కేలు గుమ్మం దగ్గర కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. వరండాలో డ్రిల్లుకి పిల్లల్ని వరసపెట్టి నిలబెట్టిన సలోమికి లోపలి మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"ఈయన్ని ఎప్పట్నుంచి తీసేశారండీ?" అంది రమాదేవి గారు.

"మేం తియ్యలేదండి. ఆయనే మానేశారు."

"మానేసిన మనిషి కర్రేసుకొచ్చి గుమ్మంలో ఎందుకు నిలబడ్డాడండీ?"

గోపాలకృష్ణమూర్తి గారు కండువా సర్దుకున్నాడు. "ఫిబ్రవరి తరవాత సెలవు చీటీ లేదండి మరి."

"సరే. ఫిబ్రవరి తరవాత హాజరు రిజిస్టర్లో ఏం వేశారు? గైరుహాజరా?"

జోగేశ్వరరావు మళ్ళీ ఫ్యాను వంక చూశాడు. అప్పుడు వరండాలో విజిలు ఒకసారి మోగింది. "స్టాండ్ అట్ ఈజ్!" అని పిల్లలకి చెప్పి సలోమి లోపలికి వచ్చింది. ఎవరి వంకా చూడలేదు. బీరువా తెరిచి, పొడుగాటి అట్ట రిజిస్టరు తీసి, అధికారిణి ముందు పెట్టింది.

రమాదేవి గారు పేజీలు తిప్పింది. నవంబరు. డిసెంబరు. జనవరి. తిప్పుతూ తిప్పుతూ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"మాస్టారూ, ఇలా రండి," అంది.

యెహెజ్కేలు దగ్గరికెళ్ళి చూశాడు. ప్రతి నెలా, ప్రతి పేజీలో, అతని వరస అతనికే ఉంది. గుండ్రటి అక్షరాలతో, ఒక్క ఒత్తు తప్పు పోకుండా, 'యెహెజ్కేలు, వ్యాయామోపాధ్యాయుడు'. ఆ వరసలో ప్రతి రోజు గడిలోనూ ఎర్ర సిరాతో 'సె' అని ఉంది. సెలవు. ఫిబ్రవరితో ఆగలేదు. మార్చి, ఏప్రిలు, జూను, జూలై. నిన్నటిదాకా ఉంది. అన్నిటికంటే అడుగు వరసలో, నల్ల సిరాతో, చిన్నగా 'సలోమి, సెలవు ఖాళీలో'. పేజీ కింద రోజూ హెడ్మాస్టరు గారి సంతకం.

"ఎవరు రాశారివి?"

"నేనేనండి," అంది సలోమి.

"పాత పేరు కొట్టేసి రాయమని మీకెవరూ చెప్పలేదా?"

"చెప్పారండి. నాకు మనసొప్పలేదు. మా నాన్నగారు సంఘం పేర్ల పుస్తకం రాసేవారండి. చనిపోయినవాళ్ళ పేరు మీదే గీత పెట్టేవారు. బతికున్న మనిషి పేరు మీద గీత పెట్టకూడదని చిన్నప్పట్నుంచీ చెప్పారు. ఈ మాస్టారేమో అప్పటికి ఆస్పత్రిలో ఉన్నారు. పెడితే నిజంగానే ఏదైనా అవుతుందేమోనని భయం వేసిందండి."

"పేరు ఉంచారు, బాగుంది. రోజూ ఈ 'సె' ఎందుకు రాశారు?"

సలోమి తల వంచుకుంది. "గడి ఖాళీగా ఉంటే ఇంక రారేమో అనిపించేదండి. అందుకని రోజూ పొద్దున్నే నా సంతకం కంటే ముందు ఆయన గడి నింపేదాన్ని."

యెహెజ్కేలు కర్ర గట్టిగా పట్టుకున్నాడు. వేలూరులో కిటికీ వంక చూస్తూ, తను లోకానికి అక్కర్లేకుండా పోయాననుకున్న రోజులు అతనికి ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఆ ప్రతి ఉదయమూ, ముక్కూ మొహం తెలీని ఒక అమ్మాయి, ఎర్ర సిరా కలం తీసి, ఇతను వస్తాడు అని రాస్తూ కూర్చుంది. ఆ అమ్మాయినే తను పేరు కొట్టేశావని నిలదీశాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆ సిగ్గు వెనకే, ఆపుకోలేనంత కృతజ్ఞత పొంగుకొచ్చింది.

రమాదేవి గారు హెడ్మాస్టరు వైపు తిరిగింది. "ఈ సంతకాలు మీవేనాండీ?"

"నావేనండి."

"అంటే ఈయన సెలవులో ఉన్నారని రోజూ మీరు ఒప్పుకుంటూనే వచ్చారు."

హెడ్మాస్టరు గారు ముందుకు వంగి, తను సంతకం పెట్టిన పేజీని మొదటిసారి చదివారు. "అలాగే కనిపిస్తోందండి," అన్నారు. ఆయన ముఖంలో సంతోషం దాచినా దాగలేదు.

"సెలవులో ఉన్న మనిషి పోస్టు ఖాళీ ఎలా అవుతుందండీ కరెస్పాండెంటు గారూ? ఆలస్యమైన సెలవు చీటీ ఇప్పుడు తీసుకోండి."

"అది సరేనండి. కానీ కాలు లేని డ్రిల్లు మాస్టారంటే..."

"పనికొస్తారని డాక్టరు రాసిచ్చారు. చదివారా?"

అప్పుడు చదివాడాయన.

"పనికిరారని చెప్పాల్సింది డాక్టరు గానీ, మనం కాదు. మాస్టారూ, మీరు చెప్పండి. పరుగెత్తి చూపించలేరు కదా. ఎలా నేర్పుతారు?"

యెహెజ్కేలు తల్లి మాట గుర్తు చేసుకున్నాడు. ఏడవకుండా చెప్పాడు. "చూపించలేనండి. పెద్ద క్లాసులవాళ్ళచేత చూపిస్తాను. తప్పెక్కడుందో చెప్పడానికి కాలు అక్కర్లేదండి. ఈ నెలంతా అలాగే నేర్పాను, టీచరు గారిని అడగండి. ఎక్కువసేపు నిలబడలేను, అదొకటి. బురదలో కర్ర దిగిపోతుంది, అదొకటి."

"గ్రౌండులో ఒక పాక, కూర్చోడానికి బల్ల. గేటు నుంచి అక్కడిదాకా కంకర దారి," అంది రమాదేవి గారు కరెస్పాండెంటుతో. "వేయించగలరా?"

"దానికేం భాగ్యమండి, రేపే తోలిస్తాను," అన్నాడు గోపాలకృష్ణమూర్తి గారు. తరవాత యెహెజ్కేలు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "మీకు మేలు చేస్తున్నాననే అనుకున్నానండి మాస్టారూ."

"తెలుసండి. ఆ కుర్చీ మాట మర్చిపోను," అన్నాడు యెహెజ్కేలు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

రమాదేవి గారు రిజిస్టరు మూస్తూ సలోమిని చూసింది. "అమ్మాయ్, ఈ రిజిస్టరు తీసి నీ ఉద్యోగానికి నువ్వే నీళ్ళొదిలావు, తెలుసా?"

"తెలుసండి."

"పెద్దాపురం ఆడపిల్లల స్కూల్లో డ్రిల్లు టీచరు పోస్టు పడేలా ఉంది. ఇక్కడ పనిచేసినట్టు సర్టిఫికెట్ తీసుకుని అప్లికేషను పెట్టు. వస్తుందని మాటివ్వను."

ఆ మధ్యాహ్నం యెహెజ్కేలు తన వరసలో, ఎనిమిది నెలల ఎర్ర గళ్ళ తరవాత, నల్ల సిరాతో సంతకం పెట్టాడు. సలోమి అడుగు వరసలో ఆఖరి సంతకం పెట్టింది. బస్సు స్టాపు దాకా అతను కూడా నడిచాడు. ఆవిడ అతని నడకకి తగ్గట్టు నడిచింది. తగ్గించి నడుస్తున్నట్టు కనిపించకుండా నడిచింది.

"నేను ఆ రోజు అన్న మాట..."

"చూశాక మాట్లాడమన్నానుగా. చూశారు. ఇంక మాట్లాడండి."

"మాటలు రావట్లేదండి. మీ ఉద్యోగం నాకిచ్చి..."

"ఆగండి!" సలోమి నిజంగానే కోప్పడింది. "నా ఉద్యోగం మీకివ్వలేదు. మీదే మీకొచ్చింది. మధ్యలో దాన్ని పాడు కాకుండా చూశానంతే."

"అయితే థాంక్స్ కూడా చెప్పుకోనివ్వరా?"

"దానికెవరడ్డమండీ? చెప్పుకోండి." మెళ్ళోంచి విజిలు తీసి అతని చేతిలో పెట్టింది. "కొత్త దారం కట్టాను. పంటిగాటు మాత్రం ఇప్పుడు రెండున్నాయి. మొన్న మీరు తిట్టిన రోజు కోపంతో కొరికేశాను."

బస్సొచ్చింది. ఎక్కేసింది. బస్సు మలుపు తిరిగాక కూడా యెహెజ్కేలు అక్కడే నిలబడి విజిలు వంక చూసుకుంటున్నాడు.

ఆ తరవాతి ఆదివారం నుంచీ అతను ఆరాధనకి పెద్దాపురం వెళ్ళడం మొదలుపెట్టాడు. కట్టవారిపాలెంలో చర్చి లేదా అంటే, ఉంది, ఇంటికి నాలుగిళ్ళ అవతలే ఉంది. జ్ఞానమ్మ మూడు ఆదివారాలు చూసి, నాలుగో ఆదివారం "నేనూ వస్తాను, పద, ఆ అమ్మాయికి నా నోటితో నేను చెప్పుకోవాలి" అంది. వెళ్ళి, సలోమి రెండు చేతులూ పట్టుకుని, చెప్పుకోవాలనుకున్నది ఒక్క ముక్కా చెప్పలేక, చేతులే నిమురుతూ కూర్చుంది.

డిసెంబరు వచ్చింది. సలోమికి ఉత్తర్వు రాలేదు. ఇంటి దగ్గర పిల్లలకి ట్యూషన్లు చెబుతోంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక యెహెజ్కేలు, జ్ఞానప్రకాశం గారి ముందు కూర్చుని అడగాల్సింది అడిగేశాడు.

పెద్దాయన మసకకళ్ళతో అతని వైపు తిరిగాడు. చెయ్యి చాపి చెక్కకాలు తడిమి చూశాడు. వేలితో రెండుసార్లు తట్టాడు. "మంచి కర్రే," అన్నాడు. తరవాత గొంతు గంభీరమైంది.

"ఒక్క మాట బాబూ. నీవల్ల దాని ఉద్యోగం పోయిందని జాలి పడి అడుగుతున్నావా?"

"జాలి రుచి నేను చూశానండి," అన్నాడు యెహెజ్కేలు. "ప్రేమతో పెట్టినా గొంతు దిగదు. మీ అమ్మాయికి దాన్ని పెట్టను. నేను లేనప్పుడు నన్ను ఉన్నట్టే చూసింది ఈవిడొక్కతే. ఉన్నన్నాళ్ళూ ఈవిణ్ణి చూసుకుంటూ ఉండాలని అడుగుతున్నాను."

తలుపు వెనక గాజులు గలగలమన్నాయి. పెద్దాయన నవ్వాడు. "నాకు చూపు లేదు గానీ చెవులున్నాయి బాబూ. ఆ చప్పుడు సరేనన్నట్టే ఉంది. నీకు చప్పుళ్ళు బాగా తెలుసటగా, నువ్వేమంటావ్?"

"మధ్యలోనే తగిలిందండి," అన్నాడు యెహెజ్కేలు.

జనవరి ఆఖర్లో ఆడపిల్లల స్కూలు ఉత్తర్వు వచ్చింది. ఫిబ్రవరిలో పెద్దాపురం చర్చిలో పెళ్ళి. కట్టవారిపాలెం నుంచి గోపాలకృష్ణమూర్తి గారు తన మిల్లు లారీ నిండా జనాన్ని ఎక్కించుకుని వచ్చాడు. హెడ్మాస్టరు గారు సాక్షి సంతకానికి ముందు ఈసారి కళ్ళజోడు పెట్టుకుని మరీ పూర్తిగా చదివారు. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు పెళ్ళిళ్ళ రిజిస్టరు తెరిచి కలం అందించారు.

యెహెజ్కేలు సంతకం పెట్టి కలం సలోమికి ఇచ్చాడు. ఆవిడ కలం పట్టుకుని ఒక్కక్షణం ఆగింది. అలవాటుగా చూపు పేజీ అడుగుకి పోయింది.

"కింద కాదండి," అన్నాడు అతను మెల్లగా. "ఎనిమిది నెలలు నా అడుగున సంతకం పెట్టారు. ఈ పుస్తకంలో మీ గడి నా పక్కన ఉంది, చూడండి."

సలోమి చూసింది. రెండు గళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. కళ్ళు చెమర్చాయి. ఈసారి పడనిచ్చింది. గుండ్రటి అక్షరాలతో నిదానంగా సంతకం చేసి, సిరా ఆరేలా ఊది, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"మాస్టారూ, ఈ ఉద్యోగానికి మళ్ళీ సెలవు చీటీ పంపుతారా?"

"పంపనండి," అన్నాడు యెహెజ్కేలు. "పంపినా మీరు పుచ్చుకోరుగా."

ఆవిడ నవ్వింది. ఈసారి అతను ఎదురుగానే ఉన్నాడు గనక, ఆ నవ్వు మొత్తం చూశాడు.